ఎక్స్‌పెక్టొరేషన్ అంటే ఉమ్మడం కాదు, ఛాతీలోంచి బయటికి తేవడం

మీరు అడిగినవి మూడు విషయాలు. నాన్నగారి కాగితం మీద డాక్టర్ గారు "కాఫ్ విత్ ఎక్స్‌పెక్టొరేషన్, మూడు వారాలు" అని రాశారు, దానికి అర్థం ఏమిటి? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్స్‌పెక్ట్ అనే మాటతో దానికి చుట్టరికం ఏమైనా ఉందా? సిరప్ సీసా మీద "ఎక్స్‌పెక్టొరెంట్" అని ఉంది, ల్యాబ్‌కి "ఉమ్మి పరీక్ష" అని రాశారు, ఇవన్నీ ఒకటేనా?

నేను డాక్టర్‌ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలు చేతికి తీసుకుంటూ, వాటిలో ఉన్నది గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్ కింద చూస్తూ ఉన్నవాణ్ని. ఈ ఒక్క మాట అర్థం కాకపోవడం వల్ల ఎన్ని పరీక్షలు వృథా అయ్యాయో చూశాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అర్థం. కాఫ్ విత్ ఎక్స్‌పెక్టొరేషన్ అంటే కళ్లెతో కూడిన దగ్గు. దగ్గినప్పుడు ఊపిరితిత్తుల గొట్టాల్లో పేరుకున్న కళ్లె పైకి వచ్చి నోట్లో పడుతోంది అని. కొందరు డాక్టర్లు ఇదే సంగతిని "ప్రొడక్టివ్ కాఫ్" అని రాస్తారు. ఏమీ రాకుండా ఒట్టి దగ్గే వస్తుంటే అది పొడి దగ్గు, "డ్రై కాఫ్". అంటే నాన్నగారి కాగితం మీద ఉన్నది ఒక జబ్బు పేరు కాదు, ఆయన చెప్పిన లక్షణాన్ని డాక్టర్ తన భాషలో రాసుకున్నారు, అంతే. దాన్ని చూసి టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. కానీ పక్కనే "మూడు వారాలు" అని ఉంది చూడండి, పరీక్ష రాయించింది ఆ రెండు మాటలే. దాని గురించి చివర్లో చెప్తాను.

ఇప్పుడు మాట పుట్టుక. లాటిన్‌లో "ఎక్స్" అంటే బయటికి, "పెక్టస్" అంటే ఛాతీ, రొమ్ము. పెక్టస్‌కి విభక్తి చేరితే "పెక్టొరిస్" అవుతుంది, ఆ "పెక్టొర్" అన్న భాగమే ఎక్స్‌పెక్టొరేషన్ మధ్యలో కూర్చుని ఉంది. అంటే మాటను విడదీస్తే వచ్చే అర్థం "ఛాతీలోంచి బయటికి తేవడం". గమనించారా, ఇందులో నోరు లేదు, గొంతు లేదు, ఉమ్మడం అంతకన్నా లేదు. నా జవాబు మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది.

ఈ పెక్టస్ మీకు కొత్తదేమీ కాదు. గుండెకు రక్తం చాలక ఛాతీ బిగబట్టినట్టు వచ్చే నొప్పిని "ఆంజైనా పెక్టొరిస్" అంటారు, 1768లో విలియం హెబర్డెన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు ఆ పేరు పెట్టాడు. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు "పెక్స్" అంటుంటారే, అవి పెక్టొరాలిస్ కండరాలు, అంటే ఛాతీ కండరాలు. ఇంకొకటి చెప్తే ఆశ్చర్యపోతారు. మేడ మీద కట్టే పిట్టగోడని తాపీమేస్త్రీలు కూడా "పారాపెట్ వాల్" అంటారు కదా. లాటిన్ పెక్టస్ ఇటాలియన్‌లోకి వచ్చేసరికి "పెట్టో" అయింది, "పారాపెట్టో" అంటే ఛాతీని కాపాడేది, ఛాతీ ఎత్తు వరకు కట్టిన గోడ. సైనికులు దాని వెనక నిలబడి యుద్ధం చేసేవారు. సిరప్ సీసా మీద ఉన్న మాటకీ మేడ మీద గోడకీ తల్లి ఒకటే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

ఎక్స్‌పెక్ట్ అనే మాటతో మాత్రం ఏ చుట్టరికమూ లేదు. అందులో ఉన్నది "స్పెక్టారే", అంటే చూడటం. స్పెక్టేటర్, ఇన్‌స్పెక్షన్ అన్నవి ఆ ఇంటివే. బయటికి చూస్తూ ఉండటం, అంటే వచ్చేదాని కోసం కనిపెట్టుకుని ఉండటం. మన "ఎదురుచూడటం" కూడా సరిగ్గా అలాగే కట్టిన మాట కదా, ఎదురు, చూడటం. ఉచ్చారణలో "ఎక్స్" తర్వాత ఉండాల్సిన ఒక "స" అరిగిపోవడంతో రెండు మాటలూ అక్కచెల్లెళ్లలా కనిపిస్తున్నాయి గానీ కాదు.

అసలు పాత రోమన్లు ఈ మాటను కళ్లెకి వాడలేదు. క్రీస్తుకు పూర్వం రెండు వందల ఏళ్ల నాటి ఎన్నియస్ అనే కవి తన నాటకంలో ఒక పాత్ర చేత, భయం తన వివేకాన్నంతా గుండెలోంచి వెళ్లగొట్టేసిందని అనిపిస్తాడు, అక్కడ వాడిన క్రియ ఇదే. తర్వాత సిసెరో అనే రోమన్ వక్త దాన్ని ఉదహరించడం వల్ల ఆ పంక్తి మిగిలింది. రోమన్లకు పెక్టస్ అంటే ఎముకల గూడు మాత్రమే కాదు, ఆలోచనా ధైర్యమూ అన్నీ అక్కడే ఉంటాయని వాళ్ల నమ్మకం. మనం కూడా "గుండెల్లో పెట్టుకున్నాడు", "గుండె బరువు దించుకున్నాడు" అంటూనే ఉంటాం కాబట్టి ఆ వాడుక మనకు పరాయిగా అనిపించదు. కళ్లెను బయటికి తేవడం అనే వైద్యపరమైన అర్థం ఇంగ్లిష్‌లో స్థిరపడింది 17వ శతాబ్దంలో. ఆ తర్వాత ఒక తప్పు దారి పట్టింది. "స్పిట్" అనే మాట మోటుగా ఉందని పెద్దమనుషుల భాషలో ఉమ్మడానికి బదులు "ఎక్స్‌పెక్టొరేట్" అనడం మొదలుపెట్టారు, 19వ శతాబ్దం వచ్చేసరికి అది బాగా పాకింది. అలా ఛాతీకి సంబంధించిన మాట నోటికి దిగింది. ఇవాళ్టికీ నిఘంటువుల్లో దీనికి రెండర్థాలూ ఇస్తారు. డాక్టర్ కాగితం మీద మాత్రం మొదటి అర్థమే తీసుకోవాలి.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. బయటికి తేవడానికి ఛాతీ పేరు పెట్టారు, బాగానే ఉంది. మరి బయటికి వచ్చిన పదార్థానికి? "స్పుటం" అన్నారు. ఇది లాటిన్‌లో ఉమ్మడం అనే క్రియ నుంచి వచ్చింది, అంటే "ఉమ్మినది". పనికేమో ఛాతీ పేరు, వస్తువుకేమో నోటి పేరు. స్పుటం టెస్ట్ అన్నదాన్ని తెలుగులో "ఉమ్మి పరీక్ష" అని మార్చినవాళ్లు మాటకి మాట సరిగ్గానే మార్చారు, విషయం మాత్రం చేజారింది.

ఎలా చేజారిందో నేను కళ్లారా చూసింది చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ వచ్చింది. డబ్బా ఇచ్చి "అమ్మా, ఇందులో ఉమ్మి తీసుకురా" అన్నాను. తెచ్చింది. తెల్లగా, పల్చగా, నురుగులా ఉంది. స్లైడ్ మీద ఏమీ లేదు. మర్నాడు మళ్లీ అలాగే చెప్పాను, మళ్లీ అదే తెచ్చింది. మూడోసారి కూడా అలాగే ఉంటే నేను కొంచెం విసుక్కున్నాను. అప్పుడు ఆవిడ, "నాయనా, నువ్వు ఉమ్మి అడిగావు, ఉమ్మే తెచ్చాను. పొద్దున్నే కళ్లె పడుతుంది, అది రోతగా ఉంటుందని పారబోసి, నోరు శుభ్రంగా కడుక్కుని నీకోసం మంచి ఉమ్మి తెచ్చాను" అంది. నాకు నోట మాట రాలేదు. తప్పు ఆవిడది కాదు, నాది. మర్నాడు పొద్దున పడ్డ కళ్లె తెచ్చింది, అందులో క్షయ క్రిములు కనిపించాయి. మూడు రోజులు పోయాయి. నేను సరైన మాట వాడి ఉంటే మొదటి రోజే మందులు మొదలయ్యేవి. ఆ రోజు నుంచి నేను ఉమ్మి అన్న మాట ఆ గదిలో వాడలేదు.

తెలుగులో మనకు సరైన మాటలు లేక కాదు. నోట్లో ఊరేది ఉమ్మి, లాలాజలం. ముక్కులోంచి వచ్చేది చీమిడి. ఛాతీలోంచి దగ్గితే వచ్చేది కళ్లె, కొందరు తెమడ అంటారు, కొందరు గళ్ల అంటారు. మూడు చోట్లకు మూడు వేరు వేరు పేర్లు, ఇంత స్పష్టంగా ఇచ్చిన భాషను పెట్టుకుని మనం ఉమ్మి పరీక్ష అని రాయడం నాకు బాధగా ఉంటుంది. కళ్లె పరీక్ష అనండి, తెమడ పరీక్ష అనండి, చదువు రాని మనిషికి కూడా వెంటనే తెలుస్తుంది.

శ్లేష్మం, కఫం అన్న మాటలు సంస్కృతం నుంచి వచ్చాయి. శ్లేష్మం చాలా అందమైన మాట. "శ్లిష్" అంటే అంటుకోవడం, కౌగిలించుకోవడం. జిగటగా అంటుకునేది కాబట్టి శ్లేష్మం. ఒకే పదానికి రెండర్థాలు అంటుకుని ఉంటే అది శ్లేషాలంకారం. అంటుకున్నవాటిని విడదీసి చూస్తే అది విశ్లేషణ. మీ నాన్నగారి శ్లేష్మాన్ని ల్యాబ్‌లో విశ్లేషిస్తారు అని రాస్తే ఒకే ధాతువు రెండుసార్లు పలికినట్టు. కఫం అన్నదాన్ని మాత్రం కొంచెం జాగ్రత్తగా వాడాలి. ఆయుర్వేదంలో అది వాతం, పిత్తంతో పాటు ఒక దోషం, శరీరమంతటికీ సంబంధించిన భావన, ఛాతీని దాని ముఖ్య స్థానంగా చెప్తారు. డబ్బాలో పడేది దాని కనిపించే రూపాల్లో ఒకటి మాత్రమే. గ్రీకులకూ ఇలాంటిదే ఉంది, శరీరంలో ఉంటాయని వాళ్లు నమ్మిన నాలుగు రసాల్లో "ఫ్లెగ్మా" ఒకటి, ఇంగ్లిష్ "ఫ్లెమ్" దాని నుంచే వచ్చింది. ఆ మాటకు మూలంలో మండటం అని అర్థం, వైద్యులు మాత్రం దాన్ని చల్లని, తడి రసంగా లెక్కగట్టారు. నిదానంగా, చలనం లేకుండా ఉండే మనిషిని ఫ్లెగ్మాటిక్ అనడం అందుకే.

ఇక లోపల జరిగేది. శ్వాసనాళాల లోపలి పొరలో గాబ్లెట్ కణాలని ఉంటాయి, వాటితోపాటు చిన్న గ్రంథులు కూడా, ఇవి రోజూ పల్చని జిగురును తయారు చేస్తూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా. అందులో ఎక్కువ భాగం నీరే. మనం పీల్చే దుమ్ము, క్రిములు దానికి అంటుకుంటాయి. ఆ పొర అడుగున సిలియా అనే సన్నని వెంట్రుకల్లాంటివి సెకనుకు పది, పదిహేను సార్లు ఊగుతూ ఆ జిగురును నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గొంతు వైపు నెట్టుకుంటూ వస్తాయి. పైకి వచ్చినదాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం, కడుపులోని ఆమ్లం దాని పని చూస్తుంది. "కళ్లె మింగితే ప్రమాదమా" అని చాలామంది అడుగుతారు, మామూలుగా ఏమీ కాదు, మీరు పుట్టినప్పటి నుంచి మింగుతూనే ఉన్నారు.

ఇన్ఫెక్షన్ వచ్చినా, ఏళ్ల తరబడి పొగ తాగినా ఈ ఏర్పాటు చెడుతుంది. జిగురు ఎక్కువవుతుంది, చిక్కబడుతుంది, సిలియా దెబ్బతిని నెట్టలేకపోతాయి. అప్పుడు శరీరానికి మిగిలిన దారి దగ్గు. గట్టిగా గాలి పీల్చుకోవడం, స్వరపేటిక దగ్గర దారి మూసుకుపోవడం, ఛాతీ, పొట్ట కండరాలు లోపలి గాలిని బిగించడం, ఒక్కసారిగా దారి తెరుచుకుని ఆ గాలి వేగానికి కళ్లె గోడల నుంచి ఊడి పైకి రావడం, ఇదంతా కలిపి ఎక్స్‌పెక్టొరేషన్. గొంతులో గరగరగా ఉంటే ఖాండ్రించి ఉమ్ముతామే, అది ఇది కాదు. ఖాండ్రిస్తే వచ్చేది గొంతులోది, ముక్కు వెనక నుంచి జారినది. చిన్నపిల్లలకు ఈ పని చేతకాదు, పైకి వచ్చింది మింగేస్తారు. అందుకే పిల్లల్లో క్షయ అనుమానం ఉంటే తెల్లవారుజామున పరగడుపున సన్నని గొట్టం వేసి కడుపులోంచి నమూనా తీసే పద్ధతి ఉంది.

ఎక్స్‌పెక్టొరెంట్ అంటే, ఇప్పుడు మీకే తెలుస్తుంది, కళ్లె బయటికి రావడానికి సాయపడే మందు. పుస్తకాల్లో కఫహరం అని రాసేవాళ్లు ఉన్నారు, నాకు ఆ మాట నచ్చదు, ఎందుకంటే అది కళ్లెను హరించదు, పల్చబరిచి కదిలేలా చేస్తుంది. అందుకే ఆ సిరప్ తాగాక దగ్గు తగ్గలేదు, కళ్లె ఇంకా ఎక్కువ పడుతోంది అని కంగారు పడకండి, దాని పని అదే. గ్వాయిఫెనెసిన్ ఈ కోవలోది, గ్వాయాకం అనే చెట్టు నుంచి మొదలైన మందు. కళ్లెలోని జిగటనే విరగ్గొట్టేవాటిని మ్యూకోలిటిక్ అంటారు, బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రాక్సాల్, ఎసిటైల్‌సిస్టీన్ లాంటివి. మన అడ్డసరం ఆకులో ఉండే వాసిసిన్ అనే పదార్థాన్ని చూసే బ్రోమ్‌హెక్సిన్‌ను తయారు చేశారు. సీసా మీద "సప్రెసెంట్" అని ఉంటే అది దగ్గును అణచేది, పూర్తిగా వేరే దిక్కు. కళ్లె పడుతున్న మనిషికి సొంతంగా అది కొని పోయకండి, బయటికి రావాల్సింది లోపలే ఉండిపోతుంది. ఏది వాడాలన్నది మీ డాక్టర్ గారే చెప్పాలి.

ల్యాబ్‌లో మేము ముందు చూసేది క్రిముల్ని కాదు, ఇది అసలు ఛాతీలోంచి వచ్చిందా అని. మామూలు కల్చర్ పరీక్షకు, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షకు, వచ్చిన నమూనాను మైక్రోస్కోప్ కింద తక్కువ పవర్‌లో పెడితే, నోటి లోపలి చర్మ కణాలు పెద్దగా, పలుచని రేకుల్లా కనిపిస్తాయి. ఒక్కో ఫీల్డులో, అంటే ఒకసారికి కంటికి కనిపించే వృత్తంలో, అవి పదికి లోపు ఉండి, చీము కణాలు ఇరవై ఐదుకు పైన ఉంటే మంచి నమూనా. తిరగబడి ఉంటే అది ఉమ్మి, దాన్ని కల్చర్ పెడితే నోట్లో ఉండే క్రిములే పెరుగుతాయి, రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది.

రంగు గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పచ్చగా ఉంటే యాంటీబయాటిక్ కావాల్సిందే అని చాలామంది అనుకుంటారు. ఆ ఆకుపచ్చ రంగు క్రిములది కాదు, వాటితో పోరాడిన తెల్లకణాల్లో ఉండే మైలోపెరాక్సిడేస్ అనే ఎంజైముది. వైరస్ జలుబులో కూడా అలా రావచ్చు. తుప్పు రంగు కళ్లె అనగానే డాక్టర్లకు న్యుమోనియా గుర్తొస్తుంది. కుళ్లు కంపు కొడితే ఊపిరితిత్తిలో చీము గడ్డ అనుమానిస్తారు. ఆయాసంతో పాటు గులాబీ రంగు నురుగు వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో, అది ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. రక్తం పడితే కాగితం మీద "హీమాప్టిసిస్" అని రాస్తారు, "హీమా" రక్తం, "ప్టిసిస్" ఉమ్మడం, గ్రీకు. స్కూల్లో లాలాజలంలో టయలిన్ అనే ఎంజైము ఉంటుందని చదువుకున్నాం కదా, అదీ ఆ ధాతువే. దీన్ని "థైసిస్" అనే పాత మాటతో కలపకండి. థైసిస్ అంటే కృశించిపోవడం, క్షయకు పాశ్చాత్యులు పెట్టుకున్న పాత పేరు. మన "క్షయ" అన్న మాటకూ ఆ గ్రీకు మాటకూ మూలం ఒకటే అని భాషాశాస్త్రం చెప్తోంది, అర్థం కూడా ఒకటే.

ఇక ఆ "మూడు వారాలు". దగ్గు రెండు వారాలు దాటితే క్షయ కాదని తేల్చుకోవడానికి కళ్లె పరీక్ష చేయిస్తారు. 1882 మార్చి 24న రాబర్ట్ కోక్ బెర్లిన్‌లో క్షయకు కారణమైన క్రిమిని చూపించిన నాటి నుంచి ఊపిరితిత్తుల క్షయను తేల్చడానికి కళ్లెనే చూస్తూ వచ్చారు. పరీక్ష రాశారంటే జబ్బు ఉందని కాదు, దాటవేయకూడదని. ఉన్నా కూడా మందులు పూర్తిగా వాడితే నయమయ్యే జబ్బే.

కాబట్టి రేపు పొద్దున నాన్నగారు లేవగానే, ఏమీ తినకముందు, ఒట్టి నీళ్లతో నోరు పుక్కిలించమనండి. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల కళ్లె అప్పుడే ఎక్కువ పేరుకుని ఉంటుంది. బయట గాలి ఆడే చోట, నలుగురికీ దూరంగా కూర్చోబెట్టండి. రెండుసార్లు నిండుగా ఊపిరి పీల్చి వదిలి, మూడోసారి పీల్చి పొట్ట లోతు నుంచి దగ్గమనండి. వచ్చింది చిక్కగా, జిగటగా ఉండాలి, ఒకటి రెండు చెంచాలు పడితే చాలు. డబ్బా మూత గట్టిగా బిగించి, పేరు రాశారో లేదో చూసుకుని, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌కి చేర్చండి. పల్చగా నురుగు మాత్రమే వస్తే అది ఇవ్వకండి, కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించమనండి. రెండో నమూనా అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి, ఒకదాంట్లో దొరకనిది ఇంకోదాంట్లో దొరికిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. అక్కడ ఎవరైనా ఉమ్మి తెమ్మన్నా సరే, మీరు నాన్నగారికి మాత్రం కళ్లె అనే చెప్పండి.